67 ఏళ్ల నాయనకు కిడ్నీ పెట్టించొచ్చా?

ఉత్తరం

నర్సమ్మగారికి నమస్కారం. మాది పొదిలి పక్కన పల్లె. మా నాయనకు 67 ఏళ్లు, పొగాకూ కందీ వేసే రైతు. 18 ఏళ్లుగా షుగరు, తర్వాత బీపీ కూడా వచ్చింది. ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు ఒంగోలు పోయి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. మొన్న కిడ్నీ డాక్టరుగారు ‘మార్పిడి సంగతి ఆలోచించండి’ అన్నారు. అప్పట్నుంచీ ఇంట్లో ఒకటే గోల. అమ్మకు 60. వాళ్లది మేనరికం, నాయనకు సొంత అక్క కూతురే అమ్మ. ‘నేనిస్తా’ అంటుంది. నేనూ ఇస్తానన్నా. నాకు 34, నాలుగేళ్ల బాబున్నాడు. అన్న నోరు విప్పడు. బాబాయిలేమో ఈ వయసులో కిడ్నీ ఏంది, 65 దాటితే ఆసుపత్రోళ్లే పేరు రాసుకోరంటున్నారు. ఒంగోల్లో ఒకాయన 25 లక్షలిస్తే ఇచ్చే మనిషిని చూపిస్తానన్నాడు. నాయనది ఒకటే మాట: ‘పండుటాకుకి ఎరువేస్తారా? నా కోసం మీ కడుపులు కోయించుకోవద్దు.’ ఆయన్ను ఎట్లా ఒప్పించాలి? ఇంకో మాట, నవ్వుకోకండి. మీకు రాస్తున్నానంటే నాయన అడగమన్నాడు, మార్పిడైతే చెంబెత్తి నీళ్లు తాగొచ్చా అని.

ఒక కూతురు, పొదిలి

సమాధానం

అమ్మాయ్, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మ మాట ఉంది, అన్న మౌనం ఉంది, బాబాయిల లెక్కలున్నాయి. నాయన ఒంటి సంగతే లేదు. 67 ఏళ్లు, 18 ఏళ్ల షుగరు అన్నావు, అంతటితో సరి. గుండె ఎట్లా ఉంది? డయాలసిస్ లేని రోజు చేను దాకా నడిచి పోతున్నాడా, మంచం మీదే ఉంటున్నాడా? మంచం మీంచి చెయ్యి ఊనకుండా లేవగలడా? కాళ్ల మీద మానని పుండ్లేమైనా ఉన్నాయా? బీడీ మానాడా? ఇవేవీ తెలియకుండా ఎవరివ్వాలి, ఇవ్వొచ్చా అని తగాదా పడుతున్నారు. ఎసరు పెట్టకముందే ఉప్పు చాలిందా లేదా అని వాదులాడుకున్నట్టుంది.

నేను నెల్లూరులో డయాలసిస్ వార్డులో కొన్నేళ్లు, మార్పిడి వార్డులో కొన్నేళ్లు చేసి రిటైరైన దాన్ని. డాక్టర్ని కాను. నాయనకు చేయించమనీ చెప్పను, వద్దనీ చెప్పను. ఏది ముందు తేల్చుకోవాలో, ఏది తర్వాతో చెప్తాను. మీ ఇంట్లో ఆ వరసే తలకిందులైంది.

ముందు మీ బాబాయిల మాట తీసి పక్కన పెడదాం. 65 దాటితే పేరు రాసుకోరన్నది పాత సంగతి. చనిపోయినవాళ్ల అవయవాల కోసం నమోదు చేసుకోవడానికి ఆ వయసు గీత ఉండేది. 2023లో కేంద్ర ఆరోగ్యశాఖ దాన్ని ఎత్తేసింది, ఏ రాష్ట్రంవాళ్లు ఆ రాష్ట్రంలోనే రాయించుకోవాలన్న షరతూ తీసేసింది. ఇంట్లోవాళ్లు ఇచ్చే కిడ్నీకైతే తీసుకునేవాళ్ల వయసు ఇంతకు మించకూడదని చట్టంలో లేనే లేదు. యూరప్‌లో కొన్ని దేశాలు కలిసి 1999 నుంచి 65 దాటినవాళ్ల కోసమే వేరే వరస పెట్టుకున్నాయి. 65 దాటి చనిపోయినవాళ్ల కిడ్నీలు 65 దాటిన రోగులకే ఇస్తారు. పెద్ద వయసు కిడ్నీ పెద్ద వయసు ఒంటికి సరిపోతుందని వాళ్ల లెక్క. ఈ సంగతి మనసులో పెట్టుకో, అమ్మ దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

నా చేతుల మీదుగా పోయిన వాళ్లలో ఇద్దరు గుర్తొస్తున్నారు. ఒకాయన కావలి వైపు బడిపంతులు, 71 ఏళ్లు, కిడ్నీ ఇచ్చింది భార్య. మార్పిడికి ముందు ఆర్నెల్లు రోజూ పొద్దున్నే చెరువుకట్ట మీద అటు చివర్నుంచి ఇటు చివరికి నడిచేవాడు. డయాలసిస్ మంచం మీద పడుకుని కూడా, సూదులు లేని చేత్తో, పాత ఎక్కాల పుస్తకం తిప్పుతా ఉండేవాడు. ఆ కిడ్నీతో తొమ్మిదేళ్లు తిరిగాడు. పోయినప్పుడు కిడ్నీ పనిచేస్తానే ఉంది, పక్షవాతంతో పోయాడు. రెండో అతనికి 54. డబ్బుంది, తమ్ముడిచ్చాడు, కిడ్నీ బల్ల మీదే మూత్రం పోసింది. ఇంటికి పోయాక సిగరెట్ మానలేదు, మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకున్నాడు. నాలుగో నెలలో న్యుమోనియాతో తీసుకొచ్చారు. తమ్ముడు గేటు దగ్గర నిలబడి ‘నాది కూడా పోయినట్టేనా నర్సమ్మా’ అనడం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

కాబట్టి డాక్టర్లు నాయన ఆధార్ కార్డు మీద పుట్టిన సంవత్సరం చూసి తేల్చరు. నడిపించి చూస్తారు. కుర్చీలోంచి లేపి చూస్తారు. చేతి పట్టు చూస్తారు. జ్ఞాపకం ఎట్లా ఉందో చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతారు, ఎందుకంటే రేపు మాత్రలు గుర్తుపెట్టుకుని వేసుకోవాల్సింది ఆయనే. తర్వాత గుండె. ఈసీజీ, ఎకోతో ఆగరు. షుగరు ఇన్నేళ్లున్నవాళ్లకు గుండెనొప్పి తెలియకుండానే నాళాలు మూసుకుంటాయి కాబట్టి యాంజియోగ్రాం దాకా పోవచ్చు. అక్కడ అడ్డం కనపడితే ముందు అది సరిచేసుకుని, కొన్నాళ్లు ఆగి, అప్పుడే కిడ్నీ మాట.

ఇంకొకటి చూస్తారు, అది చాలామందికి తెలీదు. పాత కిడ్నీలు తీసి ఆ చోటే కొత్తది పెడతారనుకుంటారు. పాతవి నడుం దగ్గర ఉన్నచోటే ఉంటాయి. కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన, ఎక్కువగా కుడి పక్కన, పెట్టి కాలికి పోయే పెద్ద రక్తనాళానికి కుడతారు. చర్మం కింద చెయ్యి పెడితే తగులుతుంది కూడా. షుగరూ బీడీ వయసూ కలిస్తే ఆ నాళం లోపల సున్నం పేరుకుంటుంది. మీ ఊరి బోరు పైపు కోసి చూశావా ఎప్పుడైనా? అచ్చం అట్లాగే. దానికి కుట్టు నిలవదు. అందుకని స్కానింగ్ తీసి నాళంలో కుట్టుకు చోటుందా లేదా చూస్తారు. మంచి గుండె ఉండి కూడా ఇక్కడ ఆగిపోయినవాళ్లున్నారు. ముందే తెలిస్తే అమ్మకూ నీకూ పరీక్షల పేరుతో ఊళ్లు తిరిగే పని తప్పుతుంది. అందుకే మొదట నాయన పరీక్షలు, ఆ తర్వాతే ఇచ్చేవాళ్లవి.

బోరు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. మీ వైపు ఏ జబ్బొచ్చినా నీళ్ల మీద పెడతారు. తప్పు పట్టను. మన దేశంలో ఎముకలు పట్టేసే ఫ్లోరోసిస్‌ని వైద్యులు మొదటిసారి గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు కిందే ఉండేవి, 1970లో కదా ఒంగోలు జిల్లాలో కలిసింది. పళ్లకు గార, వంగిన నడుములు ఫ్లోరైడ్ పనే. అయితే 18 ఏళ్ల షుగరు, దాని మీద బీపీ ఉన్న మనిషికి కిడ్నీలు పోయాయంటే వెతకాల్సిన దొంగ ఇంట్లోనే ఉన్నాడు. నీళ్లకూ కిడ్నీకీ మధ్య నేను చూసిన లంకె ఇంకోటి: కీళ్లు పట్టేస్తే మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని ఏళ్ల తరబడి మింగిన నొప్పి బిళ్లలు. నాయన ఇప్పటికీ మింగుతుంటే ఈరోజే ఆపించు. మార్పిడి తర్వాత కూడా అవి ముట్టుకోకూడదు.

ఇక లాభనష్టాల లెక్క. 1999లో అమెరికాలో పెద్ద అధ్యయనం ఒకటి వచ్చింది. మార్పిడి జాబితాలో పేరుండి డయాలసిస్ మీదే ఉన్నవాళ్లనూ, చనిపోయినవాళ్ల కిడ్నీ దొరికి పెట్టించుకున్నవాళ్లనూ పక్కపక్కన పెట్టి చూశారు. 60 నుంచి 74 ఏళ్లవాళ్లకు మార్పిడితో సుమారు నాలుగేళ్ల ఆయుష్షు కలిసొస్తుందని తేలింది. అదే లెక్కలో జనం చెప్పుకోని సగం ఉంది. ఆపరేషనైన మొదటి రెండు వారాల్లో చావు ముప్పు డయాలసిస్ వాళ్లకంటే 2.8 రెట్లు. అన్ని వయసులవాళ్లనూ కలిపి చూస్తే, ఆ మొదటి దెబ్బ పూడి రెండువైపులా సమానం కావడానికి 244 రోజులు పట్టింది, అంటే ఎనిమిది నెలలు. ముందు పెట్టుబడి, తర్వాత పంట. వేలం కేంద్రంలో బేళ్లు పెట్టి ధర కోసం కూర్చున్న రైతుకు ఈ లెక్క నువ్వు విడమరిచి చెప్పక్కర్లేదు, ఆయనకే బాగా తెలుసు. ఒకటి మాత్రం చెప్పు: ఆ లెక్క జాబితాలోకి తీసుకోదగ్గంత గట్టిగా ఉన్నవాళ్లది, మంచాన పడ్డవాళ్లది కాదు.

పెద్ద వయసులో ఒళ్లు పరాయి కిడ్నీతో పేచీ పెట్టుకోవడం కొంత తక్కువే. తిరగబడే శక్తి తగ్గి ఉంటుంది కదా. అదే శక్తి తగ్గడం వల్ల ఇన్ఫెక్షన్లు మాత్రం తేలిగ్గా పట్టుకుంటాయి. దాని మీద మనం జీవితాంతం ఆ శక్తిని అణిచే మాత్రలు ఇస్తాం. టాక్రోలిమస్, మైకోఫినోలేట్, స్టెరాయిడ్, ఈ మూడు పేర్లూ మీ ఇంట్లో వినాయకుడి దండకంలా నోటికి రావాలి. టాక్రోలిమస్ పన్నెండు గంటల తేడాతో వేసుకోవాలి. పొద్దున ఎనిమిదికైతే రాత్రి ఎనిమిదికి. రక్తంలో మోతాదు చూసే పరీక్షకు పోయిన రోజు పొద్దుటి మాత్ర వేసుకోకుండా పోవాలి, రక్తం ఇచ్చాక అక్కడే వేసుకోవాలి. ఇది మరిచి ఇంటి దగ్గరే వేసుకొచ్చి, లెక్క తప్పుగా వచ్చి, డాక్టరు మోతాదు తగ్గించబోయిన సందర్భం నాకు తెలుసు. పంపరపనస తినకూడదు, అది రక్తంలో ఈ మందును పెంచేస్తుంది. ఆకుపసర్లు, చూర్ణాలు, ఎవరో ఫలానా ఊళ్లో ఇస్తున్న కిడ్నీ మందు, అన్నీ బందు. స్టెరాయిడూ టాక్రోలిమసూ షుగరును పెంచుతాయి. ఇప్పటిదాకా మాత్రలతో నడిచినవాళ్లకు ఇన్సులిన్ పడొచ్చు. నాయనకు ముందే చెప్పి ఉంచు, లేకపోతే ‘కిడ్నీ పెట్టి షుగరు పెంచారు’ అంటాడు.

మొదటి మూడు నెలలు ఆసుపత్రికి దగ్గర్లోనే గది తీసుకుని ఉండాలి. వారానికి రెండుసార్లు రక్తపరీక్షలు, జ్వరం వస్తే గంటల్లో చేరాలి. పొదిలి నుంచి అది కుదరదు. ఆ మూడు నెలలు ఇద్దరికీ వండి పెట్టేది ఎవరు? అమ్మే ఇస్తే ఆమెకూ కొన్ని వారాలు బరువులు ఎత్తకూడదు. ఇది మీరెవరూ ఆలోచించినట్టు లేదు. అన్న నోరు విప్పాల్సిన చోటు ఇదే. కిడ్నీ ఇవ్వమని ఎవరూ అతన్ని అడగొద్దు, ఎత్తిపొడవొద్దు. భయం ఉంటుంది, ఇంట్లో భార్య మాట ఉంటుంది, అది అతని ఒళ్లు. ‘మూడు నెలలు సెలవు పెట్టి మాతో ఉండగలవా’ అని మాత్రం సూటిగా అడుగు. కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, తీసుకునేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ అన్నది మన దేశమంతా తెలిసిన సంగతే. కనీసం వంటా కాపలా అయినా మగవాళ్లు చేస్తే బాగుంటుందని నా గొణుగుడు.

ఎవరివ్వాలి? నా మనసులో మాట అడిగితే, అమ్మ పరీక్షలు ముందు, నీవి ఆ తర్వాత, అదీ అమ్మది కుదరకపోతేనే. నీకు 34. ఇంకో బిడ్డ కావాలనుకుంటున్నావో లేదో రాయలేదు. కెనడాలో 2015లో వచ్చిన అధ్యయనంలో, కిడ్నీ ఇచ్చాక గర్భం దాల్చినవాళ్లలో 100కి 11 మందికి బీపీ ఇబ్బందులొచ్చాయి, ఇవ్వనివాళ్లలో 5 మందికి. చాలామందికి కాన్పులు బాగానే అయ్యాయి, అయినా తెలిసి ఉండాలి. అంతకంటే పెద్ద సంగతి, నీ తండ్రికి షుగరు. నీకు రాదని 34 ఏళ్లప్పుడు ఎవరూ చెప్పలేరు. వస్తే ఒక్క కిడ్నీతో ఎదుర్కోవాలి. అమ్మది నాయన రక్తమే కాబట్టి ఆ ముప్పు ఆమెకూ ఉండాల్సింది. అయితే 60 వచ్చినా షుగరు రాలేదంటే ఆమె ఆ గండం చాలావరకు దాటినట్టే. అందుకే పెద్దవాళ్లు ఇవ్వడం ఒక్కోసారి కుర్రవాళ్లు ఇవ్వడంకంటే మేలు. అమ్మ కిడ్నీ 20 ఏళ్ల కిడ్నీలా పనిచేయదు, నిజమే. 67 ఏళ్ల నాయనకు అంత అవసరమూ లేదు. యూరప్‌వాళ్ల పద్ధతి చెప్పానే, అదే లెక్క.

మేనరికం గురించి ఇంకోటి. అమ్మ మేనకోడలు కాబట్టి కణజాలం కొంత కలిసే అవకాశం మామూలు భార్యాభర్తలకంటే ఎక్కువ. అది కలిసొచ్చే సంగతి. అయితే వంశంలో తిత్తుల కిడ్నీ జబ్బు లాంటిది ఎవరికైనా ఉందా అని డాక్టరు అడుగుతారు, దాచకుండా చెప్పండి. రక్తం గ్రూపు కలవకపోయినా దారి మూసుకుపోదు. మీలాగే గ్రూపు కుదరని ఇంకో కుటుంబంతో ఇచ్చిపుచ్చుకోవడానికి 2011 సవరణతో చట్టం ఒప్పుకుంది. ఈలోగా నాయనకు రక్తం తక్కువైతే రక్తం ఎక్కించడం వీలైనంత తప్పించి ఇంజక్షన్లతో నడపగలరేమో అడుగు. ఎక్కించిన కొద్దీ పరాయి కణజాలానికి ఎదురుతిరిగే యాంటీబాడీలు పెరిగి తర్వాత మ్యాచింగ్ కష్టమవుతుంది.

అమ్మకేం ముప్పు అని నాయన అడుగుతాడు, దానికి దాటవేసే జవాబు చెప్పకు. 2014లో అమెరికాలో కట్టిన లెక్క ప్రకారం, కిడ్నీ ఇచ్చినవాళ్లలో జీవితకాలంలో తమ కిడ్నీ పాడయ్యే అవకాశం 10,000 మందిలో 90 మందికి. అంతే ఆరోగ్యంగా ఉండి ఇవ్వనివాళ్లలో 14 మందికి. పెరుగుతుంది, కానీ 100లో ఒక్కరికంటే తక్కువే. అందుకే ఇచ్చినవాళ్లు కూడా ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూపించుకోవాలి. ఇది మన ఊళ్లలో ఎవరూ చేయరు. తీసుకున్నాయనకు మందుల డబ్బా, పథ్యం, ప్రత్యేకంగా పళ్లెం. ఇచ్చినావిడ మర్నాటి నుంచీ బిందెలెత్తుతుంటుంది.

ఇంకా ముఖ్యం, అమ్మను విడిగా కూర్చోబెట్టి అడుగు. నాయన లేనప్పుడు, బాబాయిలు లేనప్పుడు. పసుపు కుంకుమల కోసమని అంటోందా, నలుగురూ ఏమంటారోనని అంటోందా, మనసులోంచే అంటోందా? ఆడమనిషి ఇస్తున్నప్పుడు ఆమె సమ్మతిని, కిడ్నీ తీసుకునేవాడు కాకుండా ఇంకొకరి ద్వారా నిర్ధారించుకోవాలని అవయవ మార్పిడి మీద వచ్చిన 2014 నియమాల్లోనే ఉంది. ఆసుపత్రిలో మాట్లాడేటప్పుడు వీడియో కూడా తీస్తారు. చివరి నిమిషంలో వద్దనే హక్కు ఆమెకుంది. అట్లా వద్దన్నప్పుడు ‘మ్యాచ్ కాలేదు’ అని మాత్రమే ఇంట్లోవాళ్లకు చెప్పే పెద్ద మనసున్న డాక్టర్లను చూశాను.

ఒంగోలు ఆసామి ఫోను నంబరు తీసెయ్. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం కిడ్నీకి డబ్బిచ్చినా తీసుకున్నా మధ్యలో నిలబడ్డా నేరమే. అయిదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా. దొంగ కాగితాలు పుట్టించి, అమ్మిన మనిషిని బావమరిదని చూపించి, ఆపరేషన్ అయ్యాక పోలీసులొస్తే మంచం మీద ఉన్న రోగే జవాబు చెప్పుకోవాలి. భార్య, కూతురు చట్టం లెక్కలో దగ్గరి బంధువులే కాబట్టి మీకు అనుమతి ఆసుపత్రి దగ్గరే తేలిపోతుంది. రేషన్ కార్డు, ఆధార్, పెళ్లి రుజువు, పాత ఫొటోలు ఇప్పట్నుంచే ఒక కవర్లో పెట్టండి. పెళ్లి ఫొటో లేదని చివర్లో పరుగులు పెట్టినవాళ్లను చాలామందిని చూశాను.

అమ్మ పరీక్షలు సాగుతున్నా సరే, చనిపోయినవాళ్ల అవయవాల కోసం మన రాష్ట్రంలో పేర్లు రాసుకునే జీవన్‌దాన్‌లో నాయన పేరు కూడా రాయించండి. మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారానే రాయించాలి. తొందరగా వస్తుందని ఆశ పెట్టను, రక్తం ‘ఓ’ గ్రూపైతే ఇంకా ఆలస్యం. అయినా వరసలో ఉండటం వేరు, లేకపోవడం వేరు. ఎక్కడ చేయించాలని అడిగావు కాదు గానీ, మనవైపువాళ్లు తిరుపతి స్విమ్స్‌కో, చెన్నైకో, వెల్లూరు సీఎంసీకో పోతుంటారు. మన దేశంలో కిడ్నీ మార్పిడి మొదట గట్టెక్కింది 1971లో ఆ వెల్లూరులోనే. ఏ చోటుకు పోయినా ఎన్టీఆర్ వైద్యసేవ అక్కడ చెల్లుతుందా అని పోకముందే ఆరోగ్యమిత్రను అడగండి. ఆపరేషన్‌తో పాటు మొదటి ఏడాది మందులకు పథకంలో ప్యాకేజీలుండేవి, ఇప్పుడెంత, ఎన్నాళ్లు అన్నది ఆ డెస్కులోనే రాయించుకోండి. రెండో ఏడాది నుంచి మందుల ఖర్చు నెలనెలా మీదే అనుకుని లెక్క వేసుకోండి. ఎకరం అమ్మాల్సి వస్తుందా రాదా అన్నది ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోవాలి. నాయన ‘వద్దు’ వెనక ఇదే ఉండొచ్చు.

ఎట్లా ఒప్పించాలి అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు అమ్మాయ్. పండుటాకు సామెత చెప్పే మనిషి నోటితో చెప్పేది ఒకటి, కడుపులో పెట్టుకునేది ఇంకోటి. నేను వార్డులో ఇట్లాంటి పెద్దమనుషుల పక్కన స్టూలేసుకుని కూర్చున్నప్పుడు బయటపడ్డవి వేరే ఉండేవి: ‘ఆ బల్ల మీదే పోతే నా శవం ఊరికెట్లా వస్తుంది’ అని ఒకాయన, ‘మా ఆవిడ కూడా పోతే మనవరాలి పెళ్లి ఎవరు చేస్తారు’ అని ఒకాయన. ఏడ్చి, అన్నం మానేసి ఒప్పిస్తే ఒప్పుకుంటారు. అట్లా ఒప్పుకున్నవాళ్లు తర్వాత మాత్రలు మానేస్తారు. కాబట్టి ఈసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు మీరంతా బయట కూర్చుని నాయన్ను ఒక్కణ్నే లోపలికి పంపండి. మార్పిడి చేయించుకుని తిరుగుతున్న మనిషిని ఒకర్ని చూపించమని అడగండి. 65 దాటినాయన అయితే ఇంకా మంచిది, ఆయన బాగోగులూ బాధలూ తన నోటితోనే చెప్తాడు.

అన్నీ చూసి, అన్నీ విని, నాయన వద్దంటే ఆ మాట అక్కడితో ఆపండి. డయాలసిస్ మీదే ఏళ్ల తరబడి మర్యాదగా బతికినవాళ్లు నాకు తెలుసు. వారానికి మూడు సిట్టింగుల్లో ఒక్కటీ ఎగ్గొట్టకూడదు, నాలుగు గంటలంటే నాలుగు గంటలూ ఉండాలి, బస్సు టైమైందని మూడున్నరకే లేపించుకోకూడదు. ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం కలిపి కుట్టిన రక్తనాళం, ఉన్న చేతి మీద రోజూ పొద్దున వేళ్లు పెట్టి జుమ్ముమంటోందా చూసుకోవాలి. ఆగితే అదే రోజు పరుగెత్తాలి. ఆ చేతికి బీపీ పట్టా కట్టనివ్వకూడదు, సూది గుచ్చనివ్వకూడదు. ప్రయాణం కష్టమైతే ఇంట్లోనే పొట్టలో ద్రవం నింపి తీసే సీఏపీడీ పద్ధతి ఉంది, దాని గురించీ అడగండి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 పింఛను ఉంది, రాకపోతే సచివాలయంలో అడుగు. మార్పిడి వైపు పోయినా పోకపోయినా పళ్లు చూపించడం, హెపటైటిస్ బీ, న్యుమోనియా టీకాలు వేయించడం, బీడీ మానిపించడం మాత్రం రేపే మొదలుపెట్టొచ్చు.

ఇక ఆయన ప్రశ్న. నవ్వలేదమ్మా. డయాలసిస్ వార్డులో 40 మంది ఉంటే 40 మందికీ అదే కల. నాయనకు చెప్పు, ఇప్పుడు దాహం చంపేది నీళ్లు లేక కాదు, ఉప్పు వల్ల. ఆవకాయ, మజ్జిగలో ఉప్పు, ఎండుచేప మానితే, డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు రోజుకు ఇంతేనని పెట్టే ఆ కొలత నీళ్లలో నిలబడగలడు. చిన్న గ్లాసుతో తాగమను, చెంబు కంటపడనీయకు. కిడ్నీ పెట్టి అది బాగా పనిచేస్తే, అవును, చెంబెత్తి తాగొచ్చు. రోజుకు రెండున్నర, మూడు లీటర్లు తాగమని డాక్టర్లే పోరతారు, గంట గంటకూ ఎంత తాగాడు ఎంత పోశాడు అని మేం గీతల కాగితం మీద రాసుకుంటాం.

కావలి పంతులుగారు ఆపరేషనైన మూడో రోజు స్టీలు చెంబు రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, ఊపిరి తీసుకోకుండా తాగాడు. గడ్డం మీంచి కారి గౌను తడిసింది. తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. మూడు నెలల తర్వాత చెకప్‌కి వచ్చినప్పుడు ఆయన భార్య నన్ను వరండాలోకి లాక్కుపోయి ఫిర్యాదు చేసింది, ‘పొద్దస్తమానం పేపరు చదువుకుంటా కూర్చుంటాడు నర్సమ్మా, నీళ్లు తాగమని పది సార్లు చెప్పినా తాగడు, నువ్వన్నా గట్టిగా చెప్పు’ అని.